మాటల మధ్య సందు

"అతను గ్లాసు అందుకున్నాడు" అన్న వాక్యం దగ్గర ఆపరేటర్ గారు చెయ్యి ఎత్తారు. ఆయన చెయ్యెత్తారంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే. ఆమె సినిమా ఆపింది.

"అందుకోలేదమ్మాయ్," అన్నారాయన. "వెతుక్కున్నాడు."

ఆమె పని గురించి వింటే చుట్టాలు ఇప్పటికీ ముక్కు మీద వేలేసుకుంటారు. చూపు లేనివాళ్ళు సినిమాకి వస్తే, తెరమీద జరిగేది వాళ్ళ చెవిలో చెప్పడానికి ఒక గొంతు ఉంటుంది. ఆ గొంతు చదివే మాటలు ఆమె రాస్తుంది. ఇంట్లో భోజనాల బల్ల మీదే, వంటకీ బట్టలకీ మధ్య రాసుకుంటుంది. రాసింది ఆపరేటర్ గారు విని సరేనంటేనే పని అయినట్టు. ఆయన పుట్టుకతోనే చూపు లేని మనిషి. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. చప్పుడు విని మనిషి వయసు చెప్పేస్తారు, ఒక్కోసారి మనిషి అబద్ధం కూడా.

ఆ పనికి సూత్రాలు మూడే. కనబడింది చెప్పాలి, మనం అనుకున్నది చెప్పకూడదు. ఏ పక్క ఉందో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, పాత్రలు మాట్లాడుకుంటున్నప్పుడు నోరెత్తకూడదు. మాటకీ మాటకీ మధ్య సందు దొరికితే ఆ సందులోనే చెప్పి తప్పుకోవాలి.

తెరమీద ఉన్నది ఒక కర్మాగారం యజమాని. పొడుగాటి బల్ల అవతల ముగ్గురు కూర్చుని ఆయన మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ళ మీంచి చూపు తిప్పకుండా, పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగుతాడు. ఎంత పొగరు, గ్లాసు వైపు చూడనైనా చూడడు అనిపించేలా తీశారు. ఆమెకీ అలాగే అనిపించింది.

"వెనక్కి పెట్టి కళ్ళు మూసుకుని విను," అన్నారు ఆపరేటర్ గారు.

ఆమె విన్నది. బల్లమీద ఏదో గట్టి వస్తువు గీసుకుంటూ, మెల్లగా, జానెడు దూరం వచ్చింది. తర్వాత గాజుకి తగిలి చిన్నగా టింగుమంది.

"ఉంగరం," అంది.

"మరే. చూపున్నవాడి చెయ్యి గ్లాసు మీదికి గాల్లోంచి వస్తుంది. వీడి చెయ్యి బల్లని అంటిపెట్టుకుని వచ్చింది. వేళ్ళ వెనక భాగంతో వస్తే గ్లాసు తగిలినా పడిపోదు. మా బడిలో మొదటి వారం నేర్పే పాఠం అది. ఈ పెద్దమనిషికి చూపు పోతోంది."

"ఆ సంగతి ఇంటర్వెల్‌లో గాని తెలియదండీ. ఏవో కాగితాలు చదవకుండా సంతకం పెట్టేస్తాడు, అప్పుడు..."

"నాకు రెండో నిమిషంలో తెలిసింది. అన్ని కళ్ళు పెట్టుకుని ఇంటర్వెల్ దాకా కూర్చున్నారా మీరంతా?" ఆయన హాయిగా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "పక్కచూపు పోయేవాళ్ళు ఇలాగే ఉంటారమ్మా. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది. సన్నక్షరం కూడా చదువుతారు. పక్కన పెట్టిన గ్లాసు దగ్గరే దొరికిపోతారు. మా తమ్ముడికి నీటికాసుల జబ్బు. ఆరేళ్ళు ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. తలుపుకి గుద్దుకుంటే తలుపుని తిట్టేవాడు. మేమంతా వాడికి కోపం ఎక్కువైందనుకున్నాం," అన్నారు.

ఆమె తెరని ఒక్కో బొమ్మగా ఆపుతూ చూసింది. నిజమే. మడిచిన వేళ్ళు, కిందికి తిరిగిన ఉంగరం. తను నాలుగుసార్లు చూసి కూడా వదిలేసింది. పాత వాక్యం కొట్టేసి, అతని వేళ్ళ వెనక భాగం బల్లని రాసుకుంటూ వెళ్ళి గ్లాసుకి తగిలి ఆగుతుంది అని రాసింది. ఆరు సెకన్ల సందులో సరిగ్గా ఇమిడింది. ఆపరేటర్ గారు తల ఊపారు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆమె భర్త అప్పటికే బస్సు ఇంటి ముందు పెట్టేసి, స్నానం చేసి, బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన పదకొండేళ్ళుగా బడి బస్సు నడుపుతున్నాడు. ఒక్క గీత పడనివ్వని డ్రైవరని పేరు. ఇంట్లో ఏ మూల ఏది కదిలినా ఆమె కనిపెట్టేస్తుందని, పెళ్ళయిన కొత్తలోనే ఆమెకి డేగమ్మ అని పేరు పెట్టాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, చిట్టి. ఎనిమిదేళ్ళు. తండ్రి బస్సులోనే బడికి వెళ్ళొస్తుంది.

చిట్టికి తల్లి పని పిచ్చిగా పట్టుకుంది. ఎవరూ మాట్లాడకపోతే చాలు, గొంతు సవరించుకుని మొదలుపెడుతుంది.

"అమ్మ గరిటె తీసింది. మూత ఎడమవైపు పెట్టింది. ఆవిరి వస్తోంది."

"మా తల్లే," అన్నాడాయన. "నీకు జీతమిచ్చి పెట్టుకోవాలి."

"ఇవాళ మా ప్రిన్సిపాల్ గారు ఏం చేశారో తెలుసా డేగమ్మా," అంటూ అందుకున్నాడు. చిట్టి వెంటనే నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆపెయ్యాలన్న సూత్రం దానికి నిద్రలో లేపి అడిగినా గుర్తే. ప్రిన్సిపాల్ గారు కొత్త బూట్లతో మెట్ల మీద జారబోయి, జారనట్టు నటించి, అక్కడే కూర్చుని ఒక పిల్లాడికి సుద్దులు చెప్పిన వైనం ఆయన చెబుతున్నాడు. నవ్వుతూ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఎడమచెయ్యి గ్లాసు కోసం కదిలింది.

గాల్లోంచి రాలేదు. బల్లమీద, వేళ్ళు మడిచి, వెనక భాగంతో రాసుకుంటూ వచ్చింది. గ్లాసుకి తగిలి ఆగింది. తిరిగింది. పట్టుకుంది.

ఆయన వేలికి ఉంగరం లేదు. చప్పుడు కాలేదు.

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కథ ముగిసింది కాబోలు, ఆయన ఆగి నవ్వు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

అక్కణ్ణుంచి ఆమె బుర్ర చెప్పిన మాట వినలేదు. ఏడాదిగా ఆయనకి ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలి. కుర్చీ బల్లలోకి తొయ్యకపోతే ఊరుకోడు. ఇన్నాళ్ళకి మా ఆయనకి పొందిక వచ్చిందని పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయింది. బజారులో "నువ్వు ముందు నడు, నేను వెనకాల వస్తా" అని ఆమె భుజానికున్న సంచీ పట్టీ పట్టుకుని నడుస్తాడు. పెళ్ళైన పదమూడేళ్ళకి ఈ ముచ్చటేమిటని సిగ్గుపడింది. మొన్న అలమర తలుపుకి నుదురు కొట్టుకుని, తలుపు తీసి పెట్టిందెవరని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. తలుపుని తిట్టాడు.

కాదు. ఒక్క గ్లాసుని పట్టుకుని ఇంత దూరం పోకూడదు. సినిమా బుర్రకెక్కింది, అంతే. పొద్దుటినుంచీ అదే చూస్తే లోకమంతా అదే కనబడుతుంది మరి.

ఆయన చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. ఆమె గోడవారనున్న ముక్కాలిపీటని కాలితో జరిపింది. దారికి అడ్డంగా కూడా కాదు, ఎడమపక్కకి, రెండు జానలు. జరిపినందుకు సిగ్గేసింది. తిరిగొస్తూ ఆయన ఎదురుగా ఉన్న ఆమెని చూసి ఏదో అనబోయాడు. మోకాలు పీటకి ఠంగుమని కొట్టుకుంది. పీట దొర్లింది. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సందు చూసుకుని చిట్టి అంది, "నాన్న పీటకి తట్టుకున్నాడు. అమ్మ చూస్తోంది."

"పీటెవరు జరిపారు?" ఆయన గొంతు పెంచలేదు.

"నేనే. తుడుస్తూ జరిపాను."

"చెప్పొచ్చుగా."

"దీపం వెలుగుతూనే ఉంది కదండీ."

ఆయన మోకాలు రాసుకుంటూ కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. "ఏవండీ, ఓసారి కళ్ళు చూపించుకుందామా?"

"నా కళ్ళకేం? మొన్న బడివాళ్ళు డ్రైవర్లందరికీ పరీక్ష పెట్టారు. గోడమీద అట్ట కట్టి చదవమన్నారు. ఆఖరి వరస దాకా గడగడా చదివాను. రాసుకునే గుమాస్తాకే ఆ వరస కనబడక అట్ట దగ్గరకెళ్ళి సరిచూసుకున్నాడు." ఆయన నవ్వాడు. "అనుమానం ఉంటే అడుగు వాణ్ణి."

సన్నక్షరం కూడా చదువుతారు అన్న ఆపరేటర్ గారి మాట చెవిలో మళ్ళీ వినబడింది. ఆఖరి వరస చదివినవాడికి చూపు లేదని ఎలా అంటుంది? అన్నా ఎవరు నమ్ముతారు? తనే నమ్మలేకపోతోంది. నమ్మకపోతే మాత్రం రేపు పొద్దున ఆ బస్సులో ముప్పై ఒక్క మంది పిల్లలు ఎక్కుతారు. అందులో ఒకత్తి చిట్టి.

"రేపు నేనూ బస్సులోనే వస్తాను. రికార్డింగ్ అటువైపే," అంది.

"సరే," అన్నాడాయన. "పొద్దున్నే బయలుదేరాలి మరి. నీ అలంకారాలకి బస్సు ఆగదు."

పొద్దున ఆయన బస్సు చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూసుకున్నాడు. చేత్తో తడిమి చూశాడు. ఇదివరకూ తడిమేవాడా అని ఆమె గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. బస్సు రంగు, ఆయన చొక్కా మడత, అద్దాల మీద దుమ్ము, అన్నీ తెలుసు. టైరు చూసేటప్పుడు ఆయన చూసేవాడో తడిమేవాడో మాత్రం ఆమెకి తెలియదు.

డ్రైవరుకి ఎడమపక్క, తలుపు దగ్గరున్న ఒంటి సీటు చిట్టిది. ఆమె దాని వెనక కూర్చుంది. బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ మెట్టు దగ్గర నిలబడింది. పిట్ట మనిషే గాని ఆవిడ గొంతు ఆఖరి సీటు దాకా వినబడుతుంది.

"మీ రేడియో పక్కనే కూర్చున్నారా అమ్మా? ఇంక మీ చెవులు మీవి కావు," అంది ఆయమ్మ. "రోజూ ఇంతే. ఇల్లు దగ్గర మొదలుపెడితే బడి గేటు దాకా వాగుతూనే ఉంటుంది. ఆయనకెంత ఓపికో."

బస్సు కదిలింది. చిట్టి వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో ముందున్న ఊచ పట్టుకుని మొదలుపెట్టింది.

"ఎడమవైపు ఇద్దరు నడుస్తున్నారు. గట్టు మీదే. కుడివైపు ఎర్రకారు, మన పక్కనే. వెళ్ళిపోయింది. ఎడమవైపు సైకిలు. రోడ్డు మీద."

స్టీరింగు కుడికి ఒక పిసరు తిరిగింది.

ఆమె ముందుకి వంగింది. మళ్ళీ చూసింది. "ఎడమవైపు బండి ఆగి ఉంది. తలుపు తీస్తున్నారు." స్టీరింగు మళ్ళీ తిరిగింది. మాట రాకముందు తిరగడం లేదు. మాట వచ్చాక తిరుగుతోంది. ఆయన తల సూటిగా ముందుకే ఉంది. మధ్యమధ్య మెడంతా తిప్పి అద్దం చూస్తున్నాడు, కానీ అలా తిప్పినప్పుడు ముందున్నది పోతుంది కాబట్టి వెంటనే తిరిగి వచ్చేస్తున్నాడు. మిగిలిన రోడ్డంతా ఒక ఎనిమిదేళ్ళ పిల్ల నోట్లోంచి ఆయనకి వస్తోంది.

దారిలో ఎక్కిన పిల్లలు వెనక ఏదో పాట పాడుకుంటున్నారు. ఒకడు సీటు మీద నిలబడ్డాడు. ఇప్పుడే ఆపమనాలి. కానీ బస్సు వంతెన మీదికి ఎక్కింది, వెనకనుంచి లారీ తోసుకొస్తోంది, ఇక్కడ ఆపితే దానికి ఆగే చోటు లేదు. గొంతు పెద్దది చేస్తే ఆయన ఉలిక్కిపడతాడు. వంతెన దిగాక చెబుదాం. వంతెన దిగాక. ఆ మాట పళ్ళ కింద పట్టుకుని కూర్చుంది.

"ఎడమవైపు గోడ. దగ్గరగా ఉంది. ఇంకా దగ్గర. చాలు," అంది చిట్టి. బస్సు గోడకి దూరం జరిగింది.

వంతెన దిగింది. ఆయమ్మ మెట్టు మీంచి ఒక అడుగు పైకి వచ్చి, "అన్నా, ఒక మాట. రేపట్నుంచి నేను మూడు రోజులు రాను. మా చెల్లెలికి నెలలు నిండాయి," అని మొదలుపెట్టింది. "డాక్టరేమో ఇవాళా రేపూ అంటోంది. వాళ్ళాయన చూస్తే రక్తం చూస్తేనే పడిపోయే రకం. వాణ్ణి నేను పట్టుకోవాలో, దాన్ని పట్టుకోవాలో..."

చిట్టి మాట ఆగిపోయింది.

పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు కదా. అది పెదాలు బిగించి సందు కోసం చూస్తోంది. ఆయన ఆయమ్మ మాటకి ఊ కొడుతున్నాడు. కాలు బ్రేకు మీదికి వచ్చింది గాని బస్సు ఇంకా వెళుతూనే ఉంది. ఎడమవైపు సందులోంచి ఒక తోపుడు బండి ముందు చక్రాలు రోడ్డు మీదికి వచ్చాయి. నిండా అట్టపెట్టెలు. తోసేవాడు పెట్టెల వెనక ఉన్నాడు, కాళ్ళు తప్ప ఏమీ కనబడడం లేదు. చిట్టి చూసింది. దాని చూపుడువేలు ఊచ మీంచి లేచింది. నోరు సగం తెరుచుకుంది. తల తిప్పి ఆయమ్మ వైపు చూసింది, ఆవిడెప్పుడు ఆపుతుందా అని.

"...అత్తగారు ఉందా అంటే పేరుకి ఉంది..."

"ఎడమవైపు బండి. ఆపండి," అంది తల్లి.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అరవలేదు. ఆ పని చేసే గొంతులాగే, తడుముకోకుండా వచ్చింది. బ్రేకు పడింది. సీట్ల మీది సంచులన్నీ ముందుకి దొర్లాయి. నిలబడ్డవాడు కూర్చుండిపోయాడు. ఆయమ్మ ఊచని కౌగిలించుకుంది. బస్సు మూతికీ బండికీ మధ్య బెత్తెడు జాగా ఉంది.

బండివాడు పెట్టెల పక్కనుంచి తల బయటపెట్టి, "కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అన్నాడు. తర్వాత లోపల పిల్లల్ని చూసి ఇంకేమీ అనకుండా బండి వెనక్కి లాక్కున్నాడు.

ఆమె లేచి ఆయన సీటు వెనక నిలబడింది. "మెల్లగా పోనివ్వండి. ముందు ఖాళీ. ఎడమవైపు ఎవరూ లేరు. ఇంకా వెళ్ళండి. ఎడమకి. ఇంకొంచెం. ఆపండి. ఇంజను ఆపి తాళం నాకివ్వండి."

ఇరవై గజాలు. ఆ ఇరవై గజాల్లో ఆమెకి తెలిసింది, చిట్టి రోజూ ఏం మోస్తోందో. ఒక్క మాట ఆలస్యమైతే, ఎడమకి బదులు కుడి అంటే, తుమ్ము వస్తే.

ఆయన తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆయమ్మ ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, "ఏమైందమ్మా? బెల్లు కొట్టేస్తారు," అంది.

"పిల్లల్ని లోపలే కూర్చోబెట్టండి. ఒక్కళ్ళనీ దిగనివ్వొద్దు," అని ఆమె ఆయన వెనకే కిందికి దిగింది. ఆయన బస్సు మీద చెయ్యేసి ముందు చక్రం దాకా నడిచి అక్కడ ఆగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళవుతుంది," అన్నాడాయన. "ఎదురుగా ఉన్నది ఉంటుంది. పక్కనున్నది ఉండదు. నల్లగా కనబడుతుందనుకుంటారు. నల్లగా కూడా ఉండదు. అసలక్కడేమీ లేనట్టే ఉంటుంది. ఏదైనా వచ్చి తగిలాకే, ఓహో ఇదొకటి ఉందే అనిపిస్తుంది."

"డాక్టరు?"

"చూపిస్తే లైసెన్సు పోతుంది."

"పిల్లలండీ."

"తెలుసు." ఆయన మొహం చక్రం వైపే ఉంది. "మెల్లగా నడిపేవాణ్ణి. రోజూ వెళ్ళే దారేగా, చెయ్యి పెడితే బస్సే తిరుగుతుంది. ఏడాది కిందట చిట్టి నీలాగా చెప్పడం మొదలెట్టింది, ఆటకి. వింటూ ఉంటే... నాకు రోడ్డు మళ్ళీ వచ్చినట్టయింది. ఆట అనే ఉంచాను. దానికేమీ తెలియదు, నీ మీదొట్టు."

ఆమెకి కోపం రావాలి. చాలా వచ్చింది కూడా, కానీ భయం దాన్ని పైకి రానివ్వలేదు. బస్సుకి ఆనుకుంది. "బడికి ఎవరు ఫోన్ చేస్తారు? మీరా, నేనా?"

"నేనే చేస్తాను. నంబరు నువ్వు నొక్కు."

బస్సుల వ్యవహారం చూసే మేనేజరు మొదటి రింగుకే ఎత్తాడు. ఆలస్యమేమిటని అరవడం ఆమెకీ వినబడింది. ఆయన ఆ అరుపు పూర్తయ్యే దాకా ఆగాడు.

"బస్సు పక్కకి పెట్టేశాను సార్. బస్సు బాగానే ఉంది. నేనే బాగాలేను. నాకు పక్కచూపు లేదు సార్. ఇవాళ్టి సంగతి కాదు. ఇంకో డ్రైవర్ని పంపండి." అవతలి మాటలు చాలాసేపు విన్నాడు. "అవును సార్. తెలిసే నడిపాను," అన్నాడు చివరికి. ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

ఇరవై నిమిషాలకి ఇంకో డ్రైవరు మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ బస్సు నడుపుతాడని అందరూ స్పేరు బాబాయ్ అంటారు. సంగతి అప్పటికే తెలిసినట్టుంది, ఎప్పుడూ వేసే జోకు వెయ్యలేదు. "క్లచ్చు ఎలా ఉందన్నా?" అని మాత్రం అడిగాడు.

"కొంచెం గట్టిగా ఉంటుంది. రెండో గేరు దగ్గర తొందరపడకు." ఆయన ఆగి, "అద్దాలు నా ఎత్తుకి పెట్టి ఉన్నాయి. సరిచేసుకో," అన్నాడు.

స్పేరు బాబాయ్ అద్దాలు తిప్పుకుంటుంటే చిట్టి ఒంటి సీటులోంచి లేవలేదు. ఊచ వదల్లేదు. ఆయన ఎక్కి దాని పక్కన నిలబడ్డాడు.

"నాన్నా," అంది చిట్టి చిన్నగా. "స్పేరు బాబాయ్‌కి నేను చెప్పకపోయినా వెళ్తాడా?"

ఆయన వెనకే ఎక్కిన ఆమె మెట్టు మీదే ఆగింది.

"నీకు తెలుసా?" అన్నాడాయన.

"కుక్క అప్పుడు తెలిసింది. కుడివైపునుంచి వచ్చింది. నేను తుమ్ముతున్నా. చెప్పేలోపు..." చిట్టి ఊచని ఇంకా గట్టిగా పట్టుకుంది. "గుంత అన్నావు నువ్వు. గుంత కాదు నాన్నా."

ఆయన చెయ్యి సీటు కోసం గాల్లో వెతికింది.

"అందుకే మొన్న జ్వరం వచ్చినా అమ్మకి చెప్పలేదు. చెబితే బడి మానిపిస్తుంది కదా. నేను రాకపోతే వీళ్ళందరూ..." అది వెనక సీట్లవైపు చూడకుండా, తలతో మాత్రం చూపించింది. "ఇవాళ కూడా బండిని చూశాను. ఆయమ్మ ఆపలేదు. నేను ఆపమనొచ్చా అమ్మా? మధ్యలో మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు. ఎవరు మాట్లాడుతున్నా సరే, మాట్లాడొచ్చు," అంది ఆమె. ఊచ మీంచి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. చల్లగా ఉన్నాయి, కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. ఎత్తుకుని వెనక సీటులోకి తీసుకెళ్ళి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒళ్ళో పట్టడం లేదు. కాళ్ళు సీటు బయటికి వేలాడుతున్నాయి.

ఆయన తడుముకుంటూ వచ్చి ఆమె కుడిపక్కన కూర్చున్నాడు. ఇప్పుడు దాచలేదు. సీట్ల వీపులన్నీ ఒక్కొక్కటిగా ముట్టుకుంటూ వచ్చాడు. పిల్లలు ఆయన్నే చూశారు. వాళ్ళకి ఏమి అర్థమైందో, ఇంటికెళ్ళి ఏం చెబుతారో, సాయంత్రానికి ఎన్ని ఫోన్లు మోగుతాయో. మేనేజరు మధ్యాహ్నం రమ్మన్నాడు. పోలీసులు ఉంటారా అని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ కంటి వైద్యం మాటేమిటో, ఉన్నదైనా నిలబడుతుందో లేదో కూడా తెలియదు.

బస్సు కదిలింది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు ఖాళీ నేలని నొక్కుతోంది. స్పేరు బాబాయ్ బ్రేకు వేసిన ప్రతిసారీ, ఈయన కాలు దానికంటే కొంచెం ఆలస్యంగా పడుతోంది. ఆమె ఆ కాలినే చూస్తూ కూర్చుంది. ఆ ఆలస్యంలో రెండేళ్ళపాటు ఏమేమి తప్పిపోయిందో, ఏమేమి తప్పలేదో ఒక్కొక్కటీ కళ్ళముందుకి వస్తోంది.

రెండో మలుపు దాటకముందే చిట్టి తల బరువైంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎడమవైపు సైకిళ్ళు, నడిచేవాళ్ళు, తెరుచుకుంటున్న కారు తలుపులు, అన్నీ కిటికీ పక్కనుంచి పోతున్నాయి. అది ఒక్కటీ చూడలేదు.

"ఏం చేస్తోంది? చప్పుడు లేదు," అన్నాడాయన, ముందుకే చూస్తూ.

"నిద్రపోయింది."

"పొద్దున్నేనా?"

బడి గేటు వచ్చింది. పిల్లలు సంచులు తగిలించుకుని ఒక్కొక్కళ్ళే దిగారు. ఆయమ్మ చిట్టి దగ్గరికి వచ్చి, భుజం తట్టబోయి, ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లేపకండి," అంది ఆమె. "ఇవాళ అది బడికి రాదు."